ఎండు గింజ ఆధారంగా జీవనం: పశ్చిమ ప్రకాశం పెరటి గువ్వ రూపం, అలవాట్లు, ఆహారం

వ్యాస సంగ్రహం

మార్కాపురం, గిద్దలూరు పరిసరాల్లో ఇంటి పెరట్లోనూ, కళ్ళంలోనూ, బడి ఆవరణలోనూ తరచుగా కనిపించే చిన్న గోధుమవన్నె గువ్వను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ పక్షి శాస్త్రీయ నామం స్పైలోపీలియా సెనెగాలెన్సిస్. దీని రూపం, కూత, గూడు, పిల్లల పెంపకం వేరువేరు విషయాలుగా కనిపించినా, వాటిలో అధికభాగం ఒకే ఆధారం నుంచి వివరించవచ్చు. ఆ ఆధారం దీని ఆహారం, అంటే నేల మీద రాలిన ఎండు గింజ. గింజను ఆహారంగా ఎంచుకోవడం వల్ల ఈ పక్షికి కలిగిన లాభాలేమిటి, పరిమితులేమిటి, పశ్చిమ ప్రకాశంలో మారుతున్న సేద్యం ఆ ఆహారాన్ని ఏ విధంగా మార్చగలదు అన్నవి ఇందులో పరిశీలించిన అంశాలు. నాలుగు రకాల గువ్వలను ఒకే పేరుతో వ్యవహరించడం వల్ల వాటి స్థితిగతుల నమోదుకు కలుగుతున్న ఇబ్బందిని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: గువ్వ, బెళ్ళగువ్వ, గింజాహారం, కపోత క్షీరం, మెట్ట సేద్యం, పశ్చిమ ప్రకాశం

1. ఉపోద్ఘాతం

అరుదైన ప్రాణుల మీద జరిగినంత పరిశీలన సాధారణ ప్రాణుల మీద జరగదు. నల్లమల పేరు చెప్పగానే పెద్దపులి గుర్తుకు వస్తుంది. ఆ అడవి అంచున ఉన్న ఊళ్ళలో ప్రతి ఇంటి ముందూ తిరిగే గువ్వ మాత్రం పరిశోధకుల దృష్టికి అంతగా రాదు. ఎప్పుడూ కళ్ళముందే ఉండే పక్షిని లెక్కించవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచదు. ఊరపిచ్చుక విషయంలో ఈ అలక్ష్యానికి ఫలితం స్పష్టంగా తెలిసింది. అనేక పట్టణాల్లో పిచ్చుక కనుమరుగవుతున్నదని గుర్తించేనాటికి, అది అంతకుముందు ఎంత సంఖ్యలో ఉండేదో చెప్పగల లెక్కలు చాలాచోట్ల లేవు.

గువ్వ నేడు ప్రమాదంలో ఉన్న పక్షి కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని ఆందోళన అవసరం లేని జాతుల్లోనే చేర్చింది. ఆఫ్రికా, పశ్చిమాసియా, భారత ఉపఖండం అంతటా ఇది విస్తరించి ఉంది. అయినప్పటికీ ఒక ప్రాంతపు సేద్యం మారినప్పుడు ఆ ప్రాంతపు గింజ మారుతుంది. గింజ మారితే గింజ మీద ఆధారపడిన పక్షి జీవనమూ మారే అవకాశం ఉంది. కనుక ఈ పక్షిని దాని ఆహారం వైపు నుంచి అర్థం చేసుకోవడం అవసరం.

2. ప్రాంత స్వరూపం

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పేరును స్వీకరించింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి విడదీసిన భాగాలతో ఈ జిల్లాను రూపొందించారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు అంతకుముందు కర్నూలు జిల్లాలో ఉండేవి. భౌగోళికంగా కూడా ఈ ప్రాంతం కోస్తా కంటే రాయలసీమకే దగ్గరగా ఉంటుంది. పడమట నల్లమల, తూర్పున వెలిగొండ వరుసలు, వాటి నడుమ మెట్ట పొలాలు, రాతి నేలలు, పలక గనుల దిబ్బలు ఇక్కడి ప్రధాన దృశ్యాలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి ముందుకు సాగుతుంది. గిద్దలూరు వైపు సగిలేరు పారుతుంది. వర్షం తక్కువ, అది కూడా నిలకడ లేనిది. వేసవి తీవ్రమైనది.

తేమ అడవిని కోరుకునే పక్షికి ఈ నేల అనుకూలం కాదు. పొడి నేల, ముళ్ళపొదలు, అక్కడక్కడ నీరు, మనుషులు పండించే ధాన్యం ఉన్నచోట బతకగల పక్షికి మాత్రం ఇది సహజమైన నివాసం. పెరటి గువ్వ అటువంటి పక్షి.

3. పేర్ల సమస్య: పావురం, గువ్వ, బెళ్ళగువ్వ

వ్యవహారంలో 'పావురం' అన్న మాట గుళ్ళ గోపురాల మీద, మేడల మీద గుంపులుగా ఉండే బూడిదరంగు పక్షికి వాడతారు. సంస్కృత 'పారావత' శబ్దం నుంచి వచ్చిన పదమిది. 'గువ్వ' అంతకంటే చిన్నదైన, జంటగా తిరిగే పక్షి. ఈ పేరు ఆ పక్షి కూతను అనుకరిస్తూ ఏర్పడినదని భావించడానికి అవకాశం ఉంది. కడప జిల్లాలోని గువ్వలచెరువు వంటి గ్రామనామాల్లో, 'గువ్వల జంట' వంటి పలుకుబడుల్లో ఈ పదం స్థిరపడింది. పాఠ్యపుస్తకాల్లోనూ, అనువాదాల్లోనూ ఈ భేదం చెరిగిపోయి, రెండింటికీ 'పావురం' అన్న ఒకే మాట వాడటం తరచుగా కనిపిస్తుంది.

పశ్చిమ ప్రకాశం వంటి మెట్ట ప్రాంతంలో గువ్వ అన్న పేరు కిందికి కనీసం నాలుగు జాతులు వస్తాయి. పూర్వం తెలుగువారు వీటిని వేరువేరు పేర్లతో గుర్తించారనడానికి ఆధారం ఉంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్, ఆ తరువాత 1862-64 మధ్య వెలువరించిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథంలో అనేక పక్షుల తెలుగు పేర్లను రోమన్ లిపిలో నమోదు చేశాడు. చిన్న గోధుమవన్నె గువ్వకు 'సవట గువ్వ', 'చిట్టి బెళ్ళగువ్వ' అన్న పేర్లు, మెడ మీద నల్లని అర్ధవలయం ఉన్న పెద్ద గువ్వకు 'పెద్ద బెళ్ళగువ్వ' అన్న పేరు అందులో కనిపిస్తాయి.

మెడ మీద తెల్లని చుక్కలున్న మరో గువ్వ పేరులోని మొదటి పదాన్ని 'పొద' అనీ, 'పొడ' అనీ రెండు విధాలుగా చదవవచ్చు. రోమన్ లిపిలో దకార డకారాల భేదం తెలియదు. 'పొద' అయితే అది పక్షి ఉండే చోటును, 'పొడ' అయితే దాని ఒంటి మీది మచ్చలను సూచిస్తుంది. ఆ గువ్వకు స్పష్టమైన గుర్తు చుక్కలే కనుక 'పొడ బెళ్ళగువ్వ' అన్న పాఠమే సమంజసంగా తోస్తుంది. క్షేత్రస్థాయిలో పేర్లను సేకరిస్తే ఈ అంశం తేలుతుంది. ప్రస్తుత వ్యాసంలో ప్రధాన విషయమైన పక్షికి 'చిట్టి బెళ్ళగువ్వ' అన్న పేరును స్వీకరించడమైనది.

ఈ పక్షిని లిన్నేయస్ 1766లో సెనెగల్ దేశపు నమూనా ఆధారంగా వర్ణించాడు. భారతదేశంలో ఉండే ఉపజాతికి గ్మెలిన్ 1789లో గుజరాత్‌లోని కాంబే, అంటే నేటి ఖంభాత్, పేరు మీదుగా 'కాంబయెన్సిస్' అని పేరుపెట్టాడు. దీని కూత నవ్వులా ఉంటుందని ఇంగ్లీషులో దీనిని 'లాఫింగ్ డవ్' అంటారు.

4. రూపం

చిట్టి బెళ్ళగువ్వ పొడవు ముక్కు కొన నుంచి తోక చివరి వరకు సుమారు 26 సెంటీమీటర్లు. గోరువంక కంటే కొద్దిగా పొడవుగా, సన్నని ఒంటితో ఉంటుంది. తల, మెడ లేత గులాబీ ఛాయ కలిసిన గోధుమవన్నెలో ఉంటాయి. వీపు మట్టిరంగు. రెక్క మడిచినప్పుడు అంచున కనిపించే భాగం నీలి బూడిదరంగు. మార్కాపురం పలకను చూసిన వారికి ఆ రంగును వేరే వర్ణించవలసిన పని లేదు. పొట్ట కిందిభాగం తెల్లగా ఉంటుంది. తోక పొడవైనది. ఎగిరేటప్పుడు విచ్చుకున్న తోక అంచుల్లో తెలుపు స్పష్టంగా తెలుస్తుంది. కాళ్ళు ఎరుపు, ముక్కు నలుపు.

దీనిని నిశ్చయంగా గుర్తించడానికి గొంతు కింది భాగం చూడాలి. అక్కడ రాగి ఛాయ మీద నల్లని చుక్కలు గళ్ళపలక వలె అమరి ఉంటాయి. ఆడ, మగ పక్షులు చూపుకు ఒకే విధంగా ఉంటాయి. పిల్ల గువ్వలకు ఈ చుక్కలు సరిగా ఏర్పడవు.

మిగిలిన మూడు గువ్వల నుంచి దీనిని వేరుచేసే లక్షణాలు ఇవి. పొడ బెళ్ళగువ్వ సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది. దాని చుక్కలు మెడ వెనుక ఉంటాయి, నలుపు మీద తెలుపుగా ఉంటాయి. రెక్కల మీద కూడా లేత మచ్చలు ఉంటాయి. పెద్ద బెళ్ళగువ్వ లేత బూడిదరంగులో, 30 సెంటీమీటర్లకు కొంచెం పైగా ఉంటుంది. మెడ వెనుక ఒక నల్లని అర్ధవలయం తప్ప చుక్కలు ఉండవు. నాలుగవది ఎర్ర గువ్వ. ఇది అన్నింటికంటే చిన్నది. మగ పక్షి ఒళ్ళు ఇటుకరంగులోకి తిరిగిన ఎరుపు, తల బూడిదరంగు, మెడ వెనుక నల్లని గీత. ఆడ పక్షి గోధుమరంగులో ఉంటుంది. ఈ నాలుగింటిలో ఆడ మగ భేదం రంగులో స్పష్టంగా తెలిసేది దీనికి మాత్రమే. దీని శాస్త్రీయ నామంలోని 'ట్రాంక్విబారికా' తమిళనాడు తీరంలోని తరంగంబాడిని సూచిస్తుంది.

నేల మీద కదలకుండా ఉన్న చిట్టి బెళ్ళగువ్వ దగ్గరకు వచ్చేవరకు కనిపించదు. వీపు రంగు ఎండిన మట్టిలో కలిసిపోవడమే కారణం. రోజులో అధికభాగం బయలు నేల మీద మేసే పక్షికి ఇది ముఖ్యమైన రక్షణ. గద్ద జాతి పక్షులు మీద పడినప్పుడు మరొక రక్షణ పనిచేస్తుంది. పావురాల కుటుంబంలో ఈకలు చర్మానికి వదులుగా అంటి ఉంటాయి. పట్టు దొరికినచోట ఈకలు ఊడివచ్చి పక్షి తప్పించుకునే అవకాశం కలుగుతుంది.

5. ఆహారం

5.1 ఏమి తింటుంది

ఈ పక్షి ఆహారంలో ప్రధానభాగం గింజలే. గడ్డిగింజలు, కలుపు మొక్కల గింజలు, రాలిన ధాన్యం దీని ముఖ్యాహారం. మెట్ట పంటల్లో సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, నువ్వులు దీని ముక్కుకు సరిపోయే పరిమాణంలో ఉంటాయి. అప్పుడప్పుడు చెదలు, చిన్న పురుగులు కూడా తింటుంది. అవి ఆహారంలో స్వల్పభాగం మాత్రమే.

తినే విధానంలో గమనించదగిన అంశం ఒకటుంది. కోడి, నెమలి, కౌజు కాళ్ళతో మట్టిని గీరి గింజను బయటికి తీస్తాయి. గువ్వ కాళ్ళతో గీరదు. నడుస్తూ, పైకి కనిపించే గింజను మాత్రమే ముక్కుతో ఏరుకుంటుంది. కనుక మట్టి సరిగా కప్పిన విత్తనానికి గువ్వ వల్ల పెద్దగా నష్టం ఉండదు. గొర్రుతో విత్తి పైన మట్టి కప్పిన చేలో అది ఏరుకునేది ఎక్కువగా చెదిరి పైనే మిగిలిన గింజను, కలుపు గింజను.

5.2 గింజ అరిగే విధానం

పిచ్చుక గింజ పొట్టు తీసి తింటుంది. చిలుక గింజను కొరికి ముక్కలు చేస్తుంది. గువ్వ గింజను ఉన్నదున్నట్టు మింగుతుంది. మింగిన గింజ మొదట గొంతు దిగువన ఉన్న సంచిలో, అంటే అన్నాశయంలో, నిలువ ఉంటుంది. అక్కడ నాని, ఆ తరువాత కందనకాయకు చేరుతుంది. బలమైన కండరాలతో కూడిన కందనకాయలో గువ్వ మింగిన చిన్న రాళ్ళు, గరుకు ఇసుక ఉంటాయి. అవి తిరగలి వలె గింజను నలుపుతాయి. ఉదయం పూట రోడ్ల అంచున, ఇసుక మేటల మీద గువ్వలు ఏరుకునేవి అన్నీ గింజలు కావు. వాటిలో కొన్ని ఈ రాళ్ళు.

అన్నాశయంలో నిలువ చేసుకోగలగడం వల్ల గువ్వకు మరొక వెసులుబాటు ఉంది. బయలు నేల మీద తక్కువ సేపట్లో సంచి నింపుకొని, నీడకు చేరి, తీరికగా అరిగించుకోవచ్చు. పగటి ఎండలో గువ్వలు వేపకొమ్మల్లో కదలకుండా కూర్చోవడానికి ఎండ నుంచి రక్షణతో పాటు ఇది కూడా కారణం.

గింజ కందనకాయలో పొడిగా నలిగిపోతుంది కనుక గువ్వ విత్తనవ్యాప్తికి పెద్దగా తోడ్పడదు. పండ్లు తిని విత్తనాన్ని చెక్కుచెదరకుండా విసర్జించే బులుబులి పిట్టలకూ దీనికీ ఈ విషయంలో భేదం ఉంది. మెట్ట పొలంలో కలుపు గింజలను కొంతమేరకు తగ్గించడం గువ్వ చేసే పని.

5.3 నీరు

పురుగులు తినే పక్షికి తిండిలోనే కొంత నీరు లభిస్తుంది. ఎండు గింజలో తేమ చాలా తక్కువ. అందువల్ల గువ్వకు ప్రతిదినం తాగునీరు కావాలి. పొడి నేలలో బతకగలిగినా నీటికి దూరంగా బతకలేదు. చెరువు అంచులు, బోరుబావుల దగ్గరి గుంటలు, పశువుల నీళ్ళ తొట్లు, ఇళ్ళ ముందు కుళాయిల కింద నిలిచిన నీరు దీని జీవనానికి ఆధారాలు. మనుషుల నివాసాల చుట్టూ గువ్వలు చేరడానికి రాలిన ధాన్యం ఎంత కారణమో నీరు కూడా అంతే కారణం.

నీరు తాగే తీరులోనూ పావురాల కుటుంబానికి ప్రత్యేకత ఉంది. కోడి నీటిని ముక్కుతో పట్టి, తల పైకెత్తి మింగుతుంది. గువ్వ ముక్కును నీటిలో ముంచి, తల ఎత్తకుండానే పీల్చి తాగుతుంది. నీటి దగ్గర పిల్లి, గద్ద పొంచి ఉండే ప్రమాదం ఎక్కువ. త్వరగా తాగి వెళ్ళగలగడం అటువంటిచోట ఉపయోగకరం.

6. కూత, జంట, దినచర్య

ఈ గువ్వ కూత ఐదారు చిన్న ధ్వనులు కలిసిన మెత్తని వరుస. మధ్యలో స్వరం కొద్దిగా పెరిగి, చివరికి తగ్గుతుంది. పెద్ద బెళ్ళగువ్వ కూత మూడు భాగాలుగా, మరింత గట్టిగా వినిపిస్తుంది. అలవాటుపడిన చెవికి పక్షిని చూడకుండానే ఈ భేదం తెలుస్తుంది.

మగ పక్షి ఆడదాని ముందు గొంతు ఉబ్బించి, తల మాటిమాటికీ వంచుతూ కూస్తుంది. అప్పుడప్పుడు కొమ్మ మీద నుంచి రెక్కలు చప్పుడయ్యేలా నిటారుగా పైకి ఎగిరి, రెక్కలు చాచి తేలుతూ కిందికి దిగుతుంది. జంట కుదిరిన తరువాత రెండూ పక్కపక్కనే కూర్చుని ఒకదాని మెడ ఈకలను మరొకటి ముక్కుతో సవరించుకుంటాయి. సాధారణంగా జంటగానే మేస్తాయి. తిండి, నీరు సమృద్ధిగా ఉన్నచోట చిన్న గుంపులుగా చేరుతాయి.

జంటగా కాపురం చేసి, ఇద్దరూ కలిసి పిల్లలను సాకే ఈ స్వభావం భారతీయ సాహిత్యంలో ముందునుంచీ గుర్తింపు పొందింది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో కపోతం ఒకటి. వలలో చిక్కిన పిల్లల కోసం తల్లిదండ్రులు రెండూ తమంతట తాము వలలో పడటం ఆ కథ. కావ్యం దానిని మమకారానికి దృష్టాంతంగా గ్రహించింది. ఆ కథకు మూలమైన ప్రవర్తనను జీవశాస్త్రం మరొక విధంగా వివరిస్తుంది.

7. గూడు, పిల్లల పెంపకం

గువ్వ గూడు సన్నని పుల్లలను పలుచగా పేర్చిన అమరిక మాత్రమే. కింది నుంచి చూస్తే పుల్లల సందుల్లో గుడ్లు కనిపించేంత పలుచన. రేగు, తుమ్మ, చిల్లకంప, బ్రహ్మజెముడు వంటి ముళ్ళ మొక్కల్లో తక్కువ ఎత్తులోనే గూడు పెడుతుంది. ఇంటి వసారాలో దూలం మీద, కిటికీ పైన, దీపపు బుడ్డి మీద, పూలకుండీలో కూడా పెట్టడం సర్వసాధారణం. ముళ్ళు చేసే రక్షణను ఇళ్ళలో మనుషుల సంచారం చేస్తుంది. అయినా కాకులు, పిల్లులు, పాముల వల్ల గుడ్లు, పిల్లలు నష్టపోవడం ఎక్కువ.

ఒక విడతకు రెండు తెల్లని గుడ్లు పెడుతుంది. ఆడ, మగ రెండూ వంతుల వారీగా పొదుగుతాయి. 13 నుంచి 15 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. మరో రెండు వారాల్లో గూడు వదులుతాయి.

ఎండు గింజ తినే పక్షి అప్పుడే పుట్టిన పిల్లకు ఏమి పెడుతుంది? గింజ తినే పక్షుల్లో అనేకం ఈ సమస్యను పురుగులతో పరిష్కరించుకుంటాయి. పిచ్చుక తాను గింజలు తిన్నా పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతుంది. అందువల్ల పురుగులు దొరికే కాలంలోనే పిల్లలను పెంచగలదు. గువ్వ మార్గం వేరు. పొదిగే కాలం ముగుస్తుండగా ప్రోలాక్టిన్ అనే హార్మోను ప్రభావంతో తల్లిదండ్రులు ఇద్దరి అన్నాశయపు లోపలి పొర మందమవుతుంది. ఆ పొర కణాలు కొవ్వుతో నిండి, రాలి, మెత్తని జున్ను వంటి పదార్థంగా తయారవుతాయి. ఇదే కపోత క్షీరం. ఇందులో మాంసకృత్తులు, కొవ్వు అధికం. మొదటి కొద్ది రోజులు పిల్లలకు ఇదే ఆహారం. ఆ తరువాత నానిన గింజలు క్రమంగా ఇందులో కలుస్తాయి. పక్షి లోకంలో ఇటువంటి ఆహారాన్ని తయారుచేసేవి చాలా తక్కువ. రాజహంసలు, ఎంపరర్ పెంగ్విన్లలో మగ పక్షులు ఇతర ఉదాహరణలు.

దీని ఫలితాలు రెండు. మొదటిది, గువ్వ పిల్లలను పెంచడానికి పురుగుల కాలం కోసం ఎదురుచూడనవసరం లేదు. గింజ, నీరు ఉంటే చాలు. అందుకే ఇది సంవత్సరంలో దాదాపు ఏ నెలలోనైనా గూడు పెట్టగలదు. వానలు నిలకడ లేని మెట్ట ప్రాంతంలో ఇది పెద్ద లాభం. రెండవది, క్షీరాన్ని ఇద్దరూ తయారు చేస్తారు కనుక ఇద్దరూ పిల్లల దగ్గరకు రావలసిందే. జంట విడిపోకుండా ఉండటానికి ఇది బలమైన కారణం. గూటికి రెండు గుడ్లే పరిమితి కావడానికి కూడా, అంతకంటే ఎక్కువ పిల్లలకు చాలినంత క్షీరం తయారు కాకపోవడమే కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. గూడు బలహీనంగా ఉన్నా, పిల్లలు తరచుగా నష్టపోతున్నా, ఏడాదిలో అనేక విడతలు ప్రయత్నించగలగడం వల్ల ఈ జాతి నిలిచింది.

8. మారుతున్న సేద్యం, మారుతున్న తిండి

పై వివరణను బట్టి చిట్టి బెళ్ళగువ్వ బలం ఎక్కడ ఉందో, బలహీనత ఎక్కడ ఉందో గ్రహించవచ్చు. రెండూ గింజలోనే ఉన్నాయి. పశ్చిమ ప్రకాశంలో ఈ గింజ లభ్యత మూడు విధాలుగా మారే అవకాశం ఉంది.

మొదటిది పంటల మార్పు. సజ్జ, కొర్ర, వరిగ, జొన్న మెట్ట రైతుల తిండి పంటలు. వాటిని కోసి, కళ్ళానికి చేర్చి, తొక్కించి, తూర్పారబట్టే క్రమంలో ప్రతి దశలోనూ కొంత గింజ నేల మీద మిగిలేది. ఇంటి ముందు చేటలో చెరిగినప్పుడు రాలే నూకలు కూడా గువ్వల వంతు. పత్తి, పొగాకు, మిరప అమ్మకపు పంటలు. పత్తి గింజ దూదిలో చుట్టుకుని ఉంటుంది. పొగాకును ఆకు కోసం పండిస్తారు. మిరప కాయగా కళ్ళానికి చేరి, కాయగానే సంతకు పోతుంది. ఈ మూడు పంటలూ గువ్వ ముక్కుకు అందే గింజను నేల మీద అంతగా వదలవు. కంది, శనగ రాలినా వాటి గింజ చిరుధాన్యం కంటే లావైనది.

రెండవది కలుపు నివారణ. కలుపు మందుల వాడకం పెరిగినచోట గడ్డిగింజలు, కలుపు గింజలు తగ్గుతాయి. తిండి పంటలు లేని రోజుల్లో గువ్వను ఆదుకునేవి ఇవే.

మూడవది విత్తనశుద్ధి. తెగుళ్ళు, పురుగుల నుంచి రక్షణకు విత్తనాలకు మందు పట్టించడం నేడు సాధారణం. అటువంటి విత్తనం పైన చెదిరి ఉంటే గింజ తినే పక్షులకు హాని కలుగుతుందని ఐరోపా, అమెరికా పరిశోధనలు చూపాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందులు వీటిలో ముఖ్యమైనవి. ఐరోపా సమాఖ్య 2018లో ఆ వర్గానికి చెందిన మూడు మందులను ఆరుబయట పంటలకు వాడకుండా నిషేధించింది. ఆ నిర్ణయానికి ప్రధాన కారణం తేనెటీగలకు కలిగే హాని. గువ్వ గింజను పొట్టు తీయకుండా మింగుతుందని పైన గమనించాం. పొట్టుకు పట్టించిన మందు పూర్తిగా లోపలికి పోవడానికి ఈ అలవాటే మార్గం. విత్తిన తరువాత చేను గట్ల మీద, మలుపుల దగ్గర పైకి మిగిలిన విత్తనాన్ని మట్టితో కప్పడం తక్కువ శ్రమతో చేయగల జాగ్రత్త.

ఈ మార్పుల వల్ల గువ్వలు తగ్గి తీరుతాయని నిర్ణయించడం తొందరపాటు. ఊళ్ళు పెరిగితే నీరు, ఇళ్ళ ముందు పారబోసే తిండి పెరుగుతాయి. చిల్లకంప వ్యాపిస్తే గూటికి చోటు పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 1898లో విడిచిపెట్టిన ఈ జాతి పక్షులు అక్కడ స్థిరపడి నేటికీ ఉన్నాయి. పెద్ద బెళ్ళగువ్వ 20వ శతాబ్దంలో ఆసియా వైపు నుంచి ఐరోపా అంతటా వ్యాపించి, 1955లో బ్రిటన్‌లో గూడు పెట్టింది. గువ్వల్లో కొన్ని జాతులకు మనుషుల వెంట విస్తరించే శక్తి ఉన్నదని ఇవి చూపుతాయి. పొలం గువ్వలు తగ్గి ఊరి గువ్వలు పెరగవచ్చు. ఒక జాతి తగ్గినచోట మరొకటి పెరగవచ్చు. నాలుగింటినీ 'గువ్వ' అనో, 'పావురం' అనో ఒకే గాట కట్టి నమోదు చేస్తే ఈ మార్పు ఎప్పటికీ తెలియదు. పేర్ల చర్చకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణమిదే.

9. జరగవలసిన పరిశోధన

శాస్త్రీయ సర్వేలు ఈ ప్రాంతానికి కొత్త కావు. 1929 తరువాత తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే సర్వేలో నల్లమల పక్షుల నమూనాలను కూడా సేకరించారు. విస్లర్, కినియర్ రాసిన ఆ సర్వే నివేదికలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. పెరటి గువ్వ విషయంలో చేయవలసిన పనికి పెద్ద బృందాలు అక్కరలేదు. కళాశాలల స్థాయిలో చేయదగినవి మూడు ఉన్నాయి.

మొదటిది పేర్ల సేకరణ. దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచుల నుంచీ, కంభం, రాచర్ల, కొమరోలు, తర్లుపాడు వైపు రైతులు, పశుకాపరుల నుంచీ నాలుగు గువ్వల చిత్రాలు చూపి పేర్లు రాసుకోవచ్చు. సవట, చిట్టి, పొడ, పెద్ద అన్న విశేషణాల్లో ఏవి వాడుకలో మిగిలాయో దీనివల్ల తెలుస్తుంది. ఇది తెలుగు శాఖ, జంతుశాస్త్ర శాఖ కలిసి చేయవలసిన పని.

రెండవది లెక్కింపు. చిరుధాన్యపు చేలు, పత్తి చేలు, ఊరి వీధులు అన్న మూడు రకాల చోట్ల ఒకే దూరం నడిచి, ఒకే వేళలో, జాతుల వారీగా గువ్వలను లెక్కించి పోల్చవచ్చు. ఏటా ఫిబ్రవరిలో జరిగే పెరటి పక్షుల గణనలో కళాశాల ఆవరణలకు ప్రత్యేక అవకాశం ఉంది. ఈ-బర్డ్ వేదికలో నమోదైన లెక్కలు తరువాతి పరిశోధకులకు అందుబాటులో ఉంటాయి.

మూడవది గూళ్ళ నమోదు. కళాశాల భవనాల్లో గువ్వలు పెట్టిన గూళ్ళను దూరం నుంచి గమనించి, ఏ నెలలో గూడు మొదలైంది, ఎన్ని పిల్లలు ఎగిరాయి అన్నవి రాసిపెడితే, ఈ ప్రాంతంలో గువ్వ ఏ కాలంలో ఎక్కువగా పిల్లలను పెంచుతుందో తేలుతుంది. గూటిని తాకడం, గుడ్లు తీయడం తగదు. వేసవిలో నీటి పళ్ళాలు ఉంచేవారు రోజూ కడిగి నీరు మార్చడం అవసరం. పావురాల కుటుంబానికి సోకే కొన్ని గొంతు వ్యాధులు ఉమ్మడి నీటి ద్వారా వ్యాపిస్తాయి.

10. ముగింపు

చిట్టి బెళ్ళగువ్వ ఎండు గింజను ఆహారంగా చేసుకుంది. ఆ కారణంగా దానికి ప్రతిదినం నీరు, కందనకాయలో రాళ్ళు అవసరమయ్యాయి. పిల్లలకు పెట్టడానికి గింజ నుంచే పాలు తయారుచేసుకోవలసి వచ్చింది. ఆ పాల వల్ల జంట నిలిచింది, గూటికి రెండే పిల్లలయ్యాయి, కాలంతో నిమిత్తం లేకుండా సంతానం సాధ్యమైంది. నీరు, గింజ ఒకేచోట దొరికే మనుషుల వాకిలి దానికి ఇల్లయింది. పశ్చిమ ప్రకాశపు పొడి నేలలో ఇది ఇంత సాధారణంగా ఉండటానికి ఈ వరుసే కారణం.

అదే వరుస మరొక విషయాన్ని కూడా తెలుపుతుంది. ఈ పక్షికి కావలసిన గింజను అధికభాగం నిర్ణయించేది రైతు వేసే పంట. గువ్వల సంఖ్యలోని మార్పును జాతుల వారీగా, సరైన పేర్లతో నమోదు చేయగలిగితే, మెట్ట సేద్యంలో వస్తున్న మార్పు ఇతర ప్రాణుల మీద చూపే ప్రభావాన్ని తెలుసుకోవడానికి ఒక సులభమైన సాధనం లభిస్తుంది. గువ్వలు సమృద్ధిగా ఉన్న ఈ కాలంలోనే ఆ నమోదు మొదలు కావాలి. తరువాతి కాలంలో పోల్చి చూడటానికి ఈనాటి లెక్కే ఆధారమవుతుంది.